గదిలోని వేడి, తేమ: తీగ లేకుండా కొలవడం

ఇంట్లో వేడెంతో చెప్పడానికి యంత్రమెందుకు, ఒళ్ళే చెబుతుంది గదా అనే మాట చాలామంది దగ్గర విన్నాను. ఒళ్ళు చెప్పే మాట నిజమే. కాని అది వేడినీ, తేమనూ, గాలినీ కలిపి చెబుతుంది, విడదీసి చెప్పదు. విడదీస్తే గాని ఏం చెయ్యాలో తేలదు. కూలరు సంగతే చూడండి. గాలి 42 డిగ్రీలుండి తేమ 15 శాతమే అయితే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22 దగ్గర నిలుస్తుంది. 34 డిగ్రీల గాలిలో తేమ 75 శాతముంటే ఆ తడి థర్మామీటరు 30కి దిగడమే కష్టం. కూలరు ఎంత మంచిదైనా ఆ తడి అంకెను దాటి చల్లబరచలేదు. అందుకే పల్నాటి ఎండల్లో ప్రాణం నిలిపే కూలరు విశాఖ తీరాన గదిని ఉక్కపోత చేసి పెడుతుంది.

తేమ శాతమన్నది కొంచెం చిక్కు లెక్క. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 30 డిగ్రీలకు పోతే 30 గ్రాములు పడుతుంది. ఆవిరి ఒక్క గ్రాము తగ్గకపోయినా గది వేడెక్కితే చాలు, నూటికి నూరున్న శాతం యాభై ఏడుకు పడిపోతుంది. పక్కన వేడి అంకె లేకుండా తేమ అంకె ఒక్కటే చదవడం దండుగ.

ఈ రెండూ కొలిచే సెన్సరు గోరంత ఉంటుంది. తేమను పీల్చే సన్నని పాలిమర్ పొర రెండు పలకల మధ్య ఉంటుంది. తేమను బట్టి దాని విద్యుత్ ధారణశక్తి మారుతుంది, ఆ మార్పును చిప్పు అంకెగా మారుస్తుంది. మన విద్యార్థులు ఎక్కువగా వాడేది డీహెచ్‌టీ22. రెండు సెకన్లకొకసారి మించి అడిగితే అది సరిగా పలకదు. ఎస్‌హెచ్‌టీ31 ఇంకా నమ్మకమైనది.

ఏది కొన్నా పరీక్షించకుండా గోడకెక్కించకండి. పరీక్షకు లేబొరేటరీ అక్కర్లేదు, వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్లు చుక్కచుక్కగా నీళ్ళు కలపాలి. రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలుంటాయి కనుక అది పనికిరాదు. ఆ మూతనూ, సెన్సరునూ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలెయ్యాలి. 25 డిగ్రీల దగ్గర లోపలి తేమ 75 శాతం వద్ద స్థిరపడుతుంది. మీ సెన్సరు 79 చూపితే, ఆ ప్రాంతంలో నాలుగు తీసెయ్యాలన్నమాట.

ఇక తీగ లేకుండా అంకెను పంపడం. 2014లో బయటికొచ్చిన ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు ఈ పనిని విద్యార్థుల చేతికందించింది. చిక్కంతా బ్యాటరీతోనే. చిప్పు మెలకువగా ఉంటే సుమారు 80 మిల్లీయాంపియర్లు తాగుతుంది. 2000 మిల్లీయాంపియర్ గంటల బ్యాటరీ ఒక్క రోజుకే ఖాళీ. అదే, పది నిమిషాలకొకసారి అయిదు సెకన్లు లేచి, అంకె చెప్పి, మళ్ళీ గాఢనిద్రలోకి పొమ్మంటే సగటున 0.7 మిల్లీయాంపియరే అవుతుంది. లెక్క వేసి చూడండి, సుమారు నాలుగు నెలలు. ఈ లెక్క ఒట్టి మాడ్యూలుకే. యూఎస్‌బీ ఉన్న బోర్డుల్లో తక్కిన భాగాలు నిద్రపోవు. జిగ్‌బీ, బ్లూటూత్ సెన్సర్లకు వైఫై అంత దాహం లేదు, కాని వాటి మాట వినడానికి వేరే గ్రాహకం కావాలి.

వచ్చిన అంకెను అందరికీ పంచే పద్ధతి ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు దీన్ని చమురు పైపులైన్ల కోసం, ఉపగ్రహం మీదుగా తక్కువ ఖర్చుతో కబురు పంపడానికి రూపొందించారు. మధ్యలో బ్రోకర్ ఉంటుంది. సెన్సరు దానికి చెబుతుంది, కావలసినవాళ్ళు దాన్నడిగి వింటారు. రాస్ప్‌బెర్రీ పై మీద హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకొంటే ఈ వ్యవహారమంతా ఇంట్లోనే జరిగిపోతుంది, ఇంటర్నెట్ లేకపోయినా ఫరవాలేదు.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్నది చాలామంది చివర ఆలోచిస్తారు, నా లెక్కన ముందాలోచించాలి. ఎండ తగిలే గోడ, పొయ్యి పైభాగం, ఫ్రిజ్ వెనుక పనికిరావు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లను దాచే తెల్లని రెక్కల పెట్టెను థామస్ స్టీవెన్‌సన్ రూపొందించాడు ("ట్రెజర్ ఐలండ్" రాసిన నవలాకారుడి తండ్రి ఈయనే). గాలి రావాలి, ఎండ రాకూడదన్నదే అందులోని రహస్యం. మనిషి పడుకొనే ఎత్తులో పెట్టడం ఇంకా మేలు. మా ఇంట్లో కింది వాటా అద్దెకిచ్చాం, నాయనమ్మ మేడగదిలో పడుకొంటుంది. ఆ స్లాబు కింద ఫ్యాను ఎత్తున ఒక లెక్క, మంచం ఎత్తున ఒక లెక్క. "ఒరే, ఆ డబ్బా చెబితేగాని నాకు ఉడుకుతోందని నమ్మవుట్రా?" అంటుంది. నమ్ముతాను గాని, నేను కాలేజీలో ఉన్నప్పుడు చెప్పేదెవరు?

2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. కనుక ఈ నియమాలు ఆటగా రాసేవి కావు. గది 34 దాటి, తేమ 50 లోపుంటే కూలరు పంపు, ఫ్యాను రెండూ నడవాలి. తేమ 60 దాటితే పంపు ఆగి ఫ్యాను మాత్రం తిరగాలి. వేడి 32కి దిగితే రెండూ ఆగాలి. నడిచే అంకె, ఆగే అంకె ఒకటే పెడితే రిలే టకటక కొట్టుకొంటూ నాలుగు రోజుల్లో పాడవుతుంది. ఈ అంకెలు మా గదికి కుదిరినవి, మీ గదికి మీరే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం సెన్సరు తప్పు చెప్పడం కాదు, చెప్పడం మానెయ్యడం. కరెంటు పోతే రూటరు పోతుంది. ఫోనులో మాత్రం పొద్దున్నటి 31 చల్లగా కూర్చునే ఉంటుంది. అందుకని ప్రతి అంకెకూ గడువు పెట్టాలి. హోమ్ అసిస్టెంట్‌లో దానికి ఏర్పాటుంది. ముప్పై నిమిషాలు కబురు రాకపోతే పాత అంకె చెరిగిపోయి, "అందుబాటులో లేదు" అని రావాలి. రూటరూ, పై బోర్డూ ఇన్వర్టరు మీద ఉంచితే ఆ కబురైనా బయటికి వెళ్తుంది. మా ఇంట్లో ఆ మాట కనబడగానే నేను కింది వాటావాళ్ళకు ఫోను చేస్తాను, వాళ్ళు పైకెళ్ళి చూస్తారు.