డాక్టర్ సీటు రాకపోయినా వైద్య పరిశోధన ఉంది

నీట్‌లో ర్యాంకు రాలేదనగానే బైపీసీ పిల్లల ఇళ్లలో మొదట వినిపించే మాట లాంగ్ టర్మ్. ఒక ఏడాది అంటే సరే. రెండోసారి, మూడోసారి కూడా అదే హాస్టలు, అవే బిట్లు, ‘ఈసారైనా కొడతావా’ అన్న అదే ప్రశ్న. పిల్లల్ని ఇలా నలిపేయడం ఇక ఆపాలి. డాక్టరైతేనే వైద్యరంగం అన్న అపోహే దీనికంతటికీ మూలం.

ఊబకాయం సంగతే చూడండి. కొవ్వు ఊరికే పేరుకుపోయి ఉండదు, హార్మోన్లు వదులుతుంది. వాటిలో లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఆకలిని అదుపుచేసే పదార్థమొకటి రక్తంలో తిరుగుతోందని చుంచెలుకల్లో అంతకుముందే చూపిన డగ్లస్ కోల్‌మన్ డాక్టర్ కాదు, బయోకెమిస్ట్. రక్తనాళాల లోపొర దెబ్బతింటే మరమ్మతుకు తోడ్పడే కణాలు కూడా మన రక్తంలో ఉంటాయి. ఊబకాయుల్లో లెప్టిన్ పెరిగి, కొవ్వే వదిలే మరో హార్మోన్ అడిపోనెక్టిన్ తగ్గి, ఈ కణాల పని మందగిస్తుంది. వాటిని మళ్లీ చురుగ్గా చేయడమెలా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

తేల్చే పని ల్యాబ్‌లో జరుగుతుంది. ప్లేటులో పెంచిన కణాల పొరపై పిపెట్ మొనతో సన్నగా గీత గీస్తారు. హార్మోన్ కలిపితే ఆ ఖాళీ ఎంత త్వరగా పూడుతోందో మైక్రోస్కోపు కింద ఫొటోలు తీసి కొలుస్తారు. ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు చేయగల పని ఇది. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఊబకాయ పరిశోధనల కోసం సొంతంగా స్థూలకాయ ఎలుకల జాతినే పెంచింది.

పీహెచ్‌డీకి డబ్బెలా అంటారా? ఎమ్మెస్సీలో 55 శాతం ఉంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయొచ్చు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

నా ఓటు కెమిస్ట్రీ గట్టిగా ఉన్న బీఎస్సీకి, ఆపైన ప్రభుత్వ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీకి. లక్షలు పోసి పేరుకే బయోటెక్ ఉన్న బీటెక్‌లో చేర్పించకండి. ‘స్టెమ్‌సెల్ నిపుణుల’ను చేస్తామంటూ కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులకు అప్పు చేయకండి, ఆ కాగితం చూసి ఏ పరిశోధన సంస్థా సీటివ్వదు. ఇంట్లో జీతం వెంటనే కావాలంటే ఈ దారి కష్టం, పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది. అప్పుడు బీఎస్సీ ఎంఎల్‌టీ మేలు.

ఏ కాలేజీలోనైనా ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమని అడగండి. విద్యార్థులు పిపెట్ చేత పట్టి ప్రయోగం చేస్తున్నారో, రికార్డులు మాత్రమే రాస్తున్నారో అక్కడి సీనియర్లే చెప్తారు.