ఆటను ఆరో తరగతిలోనే ఎంచుకోవాలి

పదో తరగతి ఫలితాలు రాగానే పాతబస్తీ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మా వాడు బాగా ఆడతాడు, కాలేజీలో ఫీజు తగ్గిస్తారా?" ఆ ప్రశ్న ఆరో తరగతిలోనే రావాలి. ఆలస్యమైతే, ఫీజు కట్టలేక ఇంటర్‌తోనే అబ్బాయి పనికి పోతాడు, అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది.

అమెరికాలో కాలేజీ కోచ్‌లే ఆటగాళ్లను వెతికి స్కాలర్‌షిప్ ఇస్తారు. మన దగ్గర స్పోర్ట్స్ కోటా సీటుకైనా, ఫీజు రాయితీకైనా సర్టిఫికెట్టే ఆధారం. జిల్లా కంటే రాష్ట్రస్థాయికి, రాష్ట్రం కంటే జాతీయస్థాయికి విలువ ఎక్కువ. ఖేలో ఇండియాకు ఎంపికైతే శిక్షణ ఖర్చుతో పాటు నెలకు 10,000 రూపాయల భత్యం కూడా ఉంటుంది. కాబట్టి బిడ్డకు ఏ ఆటలో రాష్ట్రస్థాయికి చేరే వీలుందో ముందే చూడాలి.

మన గల్లీల్లో అందరిదీ క్రికెట్టే. ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ భారత జట్టుకు ఆడటం మనకు గర్వకారణం. కానీ జట్టులో మైదానంలోకి దిగేది 11 మందే. బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండోలో బరువును బట్టి విభాగాలుంటాయి, ప్రతి విభాగానికీ పతకాలు వేరు. 2024 పారిస్ ఒలింపిక్స్ బాక్సింగ్‌లో 13 విభాగాలు, ఒక్కోదానిలో 4 పతకాలు ఉన్నాయి. బక్కపలచని బిడ్డ కూడా తన బరువు వాళ్లతోనే పోటీపడతాడు.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల్లో ఉండి, తండ్రి ప్రోత్సాహంతో బాక్సింగ్‌కు మారింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది.

ఆటను ఎంచుకునే ముందు నాలుగు విషయాలు చూడాలి:

1. మైదానం ఇంటికి దగ్గరుందా? బార్కస్ పిల్లలకు ఫుట్‌బాల్ గడప ముందే ఉంది. దాన్ని మాన్పించి దూరం పంపనక్కర్లేదు.

2. ఆ ఆట, ఆ టోర్నమెంటు ప్రభుత్వ గుర్తింపు జాబితాలో ఉన్నాయా? మా విద్యార్థి ఒకడు ఏడు సర్టిఫికెట్లు తెస్తే ఒక్కటీ చెల్లలేదు. అన్నీ గుర్తింపు లేని సంఘాలు ఇచ్చినవే.

3. అయిదేళ్లు ఖర్చు భరించగలమా?

4. బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టిన తేదీ ఒకటేనా? తేడా ఉంటే వయసు విభాగం పోటీలకు పిల్లవాణ్ని తీసుకోరు.

ఇంకా చిన్న పిల్లలకు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది. అక్కడ నాలుగో తరగతిలో ప్రవేశం, చదువు, వసతి, శిక్షణ ఉచితం. ఎంపిక పరీక్షల తేదీలు మన తల్లిదండ్రులకు ముందుగా తెలియజేయడం కూడా సేవే.

దాతలకు మా మనవి ఒక్కటే. క్రికెట్ టోర్నమెంట్లకు షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. ఆ మొత్తంలో కొంత ఒక అమ్మాయి గ్లవ్స్‌కు, ఒక అబ్బాయి బూట్లకు, సెలక్షన్లకు వెళ్లే బస్సు చార్జీలకు, రోజూ పాలు, గుడ్లకు కేటాయించండి. ఒక్క ఏడాదితో ఆపకుండా అయిదేళ్లు ఇవ్వండి. ఆ బిడ్డ డిగ్రీ పూర్తిచేసిన రోజున, ఇన్‌షా అల్లాహ్, మీ సదఖా ఫలించినట్టే.