వేడినీటి గొట్టములలో గాలి: ప్లంబరు పనికి ఒక పరీక్ష

ఐటిఐలో ప్లంబరు శిక్షణ ముగించి బ్రిటనులో ఉద్యోగమును కోరు యువకులు ముందుగా నెరుగవలసిన దేమనగా, అచ్చటి గృహములలో ఈ వృత్తి కుళాయిలు బిగించుటతో ముగియదు. గ్యాసు బాయిలరు కాచిన నీటిని పంపు గదిగదికిని త్రిప్పుచుండగా, గోడల కమర్చిన రేడియేటర్ల ద్వారా ఇల్లంతయు వెచ్చబరచు ఏర్పాటును కాపాడుటయు నందు ముఖ్యభాగమే.

చలికాలము రాగానే గృహస్థులనుండి తరచుగా వినవచ్చు ఫిర్యాదు, రేడియేటరు అడుగున కాలుచు పైభాగమున చల్లగా నున్నదని. నీరు వేడెక్కినప్పుడు అందు కరగియున్న గాలి విడివడి, పైకి చేరి, నీటికి చోటీయదు. బాయిలరు నాపి, నీరు చల్లారనిచ్చి, క్రింది అంతస్తునుండి ఆరంభించి, రేడియేటరు పైకొననున్న చిన్న వాల్వును చతురస్రపు తాళపుచెవితో పావుచుట్టు ఎడమకు త్రిప్పి, క్రింద గుడ్డ పట్టవలెను. బుస్సుమను చప్పుడు ఆగి, నీరు నిలుకడగా వచ్చినంతనే బిగింపవలెను. తొందరపడి మరను పూర్తిగా ఊడదీసినచో నల్లని నీరు తివాచీపై చిమ్మును. ఆ మరక పోవుట దుర్లభము, ఆ యింటినుండి మరల పిలుపు వచ్చుట అంతకంటె దుర్లభము. పిమ్మట ప్రెషర్ గేజి చూడవలెను. చల్లగా నున్నప్పుడు సాధారణముగా 1 నుండి 1.5 బారు వరకు ఉండవలయును, తగ్గినచో నీరు నింపవలెను.

ఇంతమాత్రము ఇంటివారును చేసికొనగలరు, దీనికి జీతమెవ్వరిత్తురు? మాటిమాటికి గాలి చేరుచున్నదేల యని విచారించుటయందే వృత్తి యున్నది. ఏదో కీలు కారుచుండవచ్చును. లేదా లోపలి యినుము తుప్పుపట్టుచు హైడ్రోజనును పుట్టించుచుండవచ్చును, అప్పుడు తుప్పు నిరోధక ద్రవము కలుపక తప్పదు. పైభాగము వెచ్చగానుండి అడుగు చల్లబడినచో దోషము గాలిది కాదు, పేరుకొనిన తుప్పుబురదది. దానిని కడిగి వెడలింపవలెను గాని వాల్వు త్రిప్పినందున ఫలము లేదు. అరచేత తడిమి ఈ భేదమును చెప్పగలవాడే పనివాడు.

విదేశీ ఉద్యోగముల ఏజెంట్లు సాధారణముగా చెప్పని మాట యొకటి: బాయిలరులోని గ్యాసు భాగములను తాకుటకు గ్యాసు పనివారి పట్టికయగు గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదు కావలయును, 2009 ఏప్రిల్ 1 నుండి బ్రిటనులో ఇదియే నియమము. మన ఐటిఐ పత్రమొక్కటియే అందుకు చాలదు.

ఇంతకును ఈ విద్యకు విదేశమే శరణ్యమని నేననను. హైదరాబాదులోని పెద్ద కార్యాలయ భవనములందు చిల్లర్లను శీతలయంత్రములు చల్లబరచిన నీరును ఇట్టి మూసిన గొట్టములలోనే తిరుగును. అందును గాలి పైకొసలనే చేరును గనుక అచ్చట దానంతటదియే గాలిని విడుచు వాల్వుల నమర్చెదరు. కావున శిక్షణ ముగిసినవారు అట్టి భవనపు నిర్వహణ విభాగములో అప్రెంటిసుగా చేరుటకు ప్రయత్నించి, గేజి చదువుట, వాల్వు శుభ్రపరచుట అచ్చటనే అభ్యసించుట మేలు.