విషబాధ – పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన విషయములు

2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరు వన్‌టౌన్ ప్రాంతమునందు పిల్లలు, పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోవ నారంభించిరి. కొలది దినములలో 600 మందికి పైగా ఆసుపత్రి చేరిరి. ఒకరు మరణించిరి. ఇది ఒకరినుండి మరొకరికి అంటునది కాదని త్వరలోనే తేలినది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారి పరీక్షలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెను. పిమ్మట నిపుణులు పురుగుమందుల అవశేషములను శంకించిరి. రక్తమే గాక నీరు, పాలు, కూరగాయలు కూడ పరీక్షింపబడుటచేతనే ఈమాత్రమైనను తెలిసెను. కావున మీ గ్రామమున పలువురికి ఒకేసారి బాధ కలిగినచో, మిగిలిన అన్నమును, నీటిని పారబోయనీయక, శుభ్రమైన సీసాలలో మూతబెట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు అప్పగింపుడు.

ఏ పదార్థమైనను మోతాదును బట్టియే విషమగును. అది నోటి ద్వారముననే గాక, ఊపిరి వెంటను చర్మము ద్వారమునను ప్రవేశించును. తాడేపల్లిగూడెము చుట్టుప్రక్కల వరిచేలలో మందు చల్లు కూలీకి తడిసిన చొక్కాయే విషపాత్ర యగును. ఫాస్ఫరసు జాతి పురుగుమందులు నరముల సందేశమును ఆపు రసాయనమును పనిచేయనీయవు. అందుచే చొంగ, చెమట కారును, కంటిపాపలు చుక్కవలె కుదించుకొనును, ఊపిరితిత్తులలో నీరు నిండును. అట్టివానిని గాలి తగులుచోటికి చేర్చి, బట్టలు విప్పించి, సబ్బునీటితో కడిగి, ఎడమప్రక్కకు పరుండబెట్టి 108కు తెలుపవలెను. కడుగువారు చేతులకు తొడుగులు ధరింపవలెను.

కుంకుడు రసము త్రాగించి కక్కించు అలవాటు మన పల్లెలలో ఇంకను పోలేదు. స్పృహ తప్పినవానికి ఆ కక్కు ఊపిరితిత్తులలోనికి పోయి, విషముకంటె ముందుగా ప్రాణము తీయవచ్చును. పాలు, నెయ్యి, పసరులు కూడ వలదు. మందు డబ్బాను మాత్రము రోగి వెంట పంపుడు. ఏ మందో తెలిసిననే వైద్యుడు అట్రోపిన్ వంటి విరుగుడును త్వరగా నిర్ణయింపగలడు. పారాక్వాట్ అను కలుపుమందునకైతే విరుగుడే లేదు. కొంచెము తేరుకొనినంతనే రోగిని ఇంటికి తీసికొనిపోరాదు. ఒకటి మొదలు నాలుగు దినములలో కండరములు సడలి ఊపిరి నిలిచిపోవు ప్రమాదము కలదు.

కేసు భయముచే ఆత్మహత్యా యత్నమును దాచిపెట్టు కుటుంబములు కలవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారిని తీవ్రమైన మనోవేదన యందున్నవారిగా భావించి, శిక్షకు మారుగా సంరక్షణ నేర్పరచినది. ఈ సంగతిని సభ్యులు ఇంటింట చెప్పవలెను.

ఖాళీ డబ్బాల విషయము అల్పమని తలపరాదు. 2013లో బీహారులో పురుగుమందు కలిసిన వంటనూనెతో చేసిన బడి భోజనము తిని 23 మంది బాలలు మరణించిరి. డబ్బాలకు చిల్లులు పొడిచి వేరుగా ఉంచుడు. స్ప్రేయరును కాలువలో కడుగనీయకుడు. ఆ నీరే మంచినీటి చెరువులకు, మురుగు వెంట కొల్లేటికి చేరును.