బంతియాటలో చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దము చివరి యేండ్లలో పూనా నగరమునందలి హిందూ క్రికెట్ సంఘమునకు ఒక చిక్కు వచ్చిపడెను. ఆ నగరముననే యున్న తెల్లవారి జట్టును వారు ఓడింపగోరిరి. అందుకు తగిన బౌలరు ఒకడు కలడు. అతని పేరు పల్వంకర్ బాలు. అతడు తెల్లవారి క్లబ్బులో నెలకు కొలది రూపాయల జీతమునకు పిచ్‌ను చదునుచేయుచు, వలలు కట్టుచు, దొరల సాధన కొరకు బంతులు వేయుచు ఆ విద్యలో ఆరితేరినవాడు. కాని అతడు చర్మకార కులమున పుట్టినవాడు. ఆనాటి సంఘము అంటరానివానిగా నెంచినవాడు. అతనిని జట్టులో చేర్చుకొనుటకు కొందరు సమ్మతించిరి, కొందరు వలదనిరి. తుదకు గెలుపుమీది మక్కువయే నెగ్గెను. బాలు మైదానమున దిగి అందరును ముట్టిన బంతినే తానును ముట్టెను. అయితే విరామ సమయమున తోడి ఆటగాండ్రు లోపల కూర్చుండి పింగాణి కప్పులతో తేనీరు త్రాగుచుండగా, బాలునకు మాత్రము వెలుపల మట్టిముంతలో పోసి యిచ్చిరి.

ఈ మట్టిముంతను చరిత్రకారులు చాలకాలము పట్టించుకొనలేదు. రాజులు, యుద్ధములు, సంధులు, సభలు, శాసనములు ఇవియే చరిత్ర యనియు, ఆటపాటలు పొద్దుపుచ్చుటకు మాత్రమే యనియు పండితులు తలచెడివారు. ఆ తలంపునకు ఎదురు నిలిచినవారిలో రామచంద్ర గుహ ఒకడు.

ఆయన 1958లో డెహ్రాడూన్‌లో జన్మించెను. తండ్రి అచ్చటి అటవీ పరిశోధన సంస్థలో ఉద్యోగి. గుహ ఢిల్లీలో అర్థశాస్త్రము చదివెను. చదువుకన్న కళాశాల జట్టులో బంతి వేయుటయందే అప్పుడు ఎక్కువ మనసు! పిదప కలకత్తాలో హిమాలయ ప్రాంతపు అడవులను గూర్చియు, చెట్లను కాపాడుకొనుటకై అచ్చటి పల్లెవారు సాగించిన చిప్కో ఉద్యమమును గూర్చియు పరిశోధించి డాక్టరు పట్టము పొందెను. ఆ పరిశోధన 1989లో గ్రంథముగా వెలువడెను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునను, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందును ఆయన బోధించెను. అడవిని గూర్చి వ్రాసిన చేయి క్రికెట్టును గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని రెండింటను ఆయన వెదకినది ఒక్కటే: పెద్దల పత్రములలో పేరు దొరకని సామాన్యులు ఎట్లు బ్రతికిరి, దేనికై పెనగులాడిరి అనునది.

ఇట్టి చరిత్రకు ఆధారములు ఎచ్చట దొరకును? పాత వార్తాపత్రికలలో, ప్రజలు ప్రభుత్వమునకు పెట్టుకొనిన అర్జీలలో, ఆటగాండ్రు వ్రాసి యుంచిన పుస్తకములలో దొరకును. బొంబాయి మైదానపు తగాదా అట్టిదే. అచ్చట పార్సీ, హిందూ యువకులు క్రికెట్టు ఆడుకొను నేలపై తెల్లదొరలు గుఱ్ఱములెక్కి పోలో ఆడెడివారు. గిట్టల తాకిడికి నేల గుంటలుపడి, బంతి ఎటు లేచునో తెలియకుండెడిది. 1880 తరువాతి యేండ్లలో బొంబాయి యువకులు అర్జీలమీద అర్జీలు పెట్టిరి. షాపూర్జీ సొరాబ్జీ అను పార్సీ ఈ పోరాటమునంతయు 1897లో పుస్తకముగా వ్రాసెను. తుదకు ప్రభుత్వము సముద్రతీరమున పార్సీలకు ఒకచోట, హిందువులకు ఒకచోట, ముస్లిములకు ఒకచోట స్థలములిచ్చెను. తగవు తీరెను, కాని ఆటగాండ్రు మతములవారిగా విడిపోయిరి. 1907లో తెల్లవారు, పార్సీలు, హిందువులు కలిసిన ముక్కోణపు పోటీ మొదలయ్యెను. 1912లో ముస్లిములు చేరిరి. 1937లో మిగిలినవారి పేర అయిదవ జట్టు వచ్చెను. కళాశాలల నడుమ పోటీ తనకు అర్థమగును గాని, మతమును బట్టి జట్లు కట్టుట అర్థము కాదని 1940లో గాంధీజీ నిరసించెను. ఆ పోటీలు 1946తో ముగిసెను.

తెలుగువారికి దగ్గరైన ఘట్టము కూడ ఈ చరిత్రలో కలదు. మచిలీపట్టణము మూలముగాగల కుటుంబమున నాగపురమందు పుట్టిన సి. కె. నాయుడు, 1926లో భారతీయులకు సభ్యత్వమే లేని బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండు నుండి వచ్చిన జట్టుపై 153 పరుగులు చేసెను. వానిలో 11 సిక్సర్లు! 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు ఆయనయే నాయకుడు.

బాలునకు మాత్రము నాయకత్వము దక్కలేదు. 1911లో పాటియాలా మహారాజు వెంట ఇంగ్లండు వెళ్లిన జట్టులో అతడు నూరింటికి మించి వికెట్లు తీసెను. అయినను హిందూ జట్టు నాయకుని ఎంచుకొనునపుడు పెద్దలు ప్రతియేడు మరొకనిని చూచుకొనుచుండిరి. 1920లో అతనిని జట్టునుండియే తప్పింపగా, అతని తమ్ములు విఠల్, శివరామ్ ఆడుట మానుకొని, తమ కులమే యిందుకు కారణమని బహిరంగముగా ప్రకటించిరి. పత్రికలలో పెద్ద చర్చ చెలరేగెను. పెద్దలు దిగివచ్చి, తుది పోటీకి బాలుని ఉపనాయకునిగా పిలిచిరి. మూడేండ్ల తరువాత విఠల్ నాయకుడయ్యెను. ఆ యేడు హిందూ జట్టు గెలిచెను కూడ.

ఒక్క విషయము గమనింపదగినది. యువకుడైన అంబేద్కరు బాలుని మిక్కిలి అభిమానించెను. కాని 1937 శాసనసభ యెన్నికలలో బాలు కాంగ్రెసు పక్షమున అంబేద్కరుపైననే పోటీచేసి ఓడిపోయెను. గుహ ఈ సంగతిని దాచలేదు. బాలుని మచ్చలేని వీరునిగా తీర్చిదిద్దుటకు ప్రయత్నింపలేదు.

ఈ కథలనన్నిటిని కూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము 2002లో వెలువడెను. పదునైదేండ్ల తరువాత సుప్రీంకోర్టు భారత క్రికెట్ నియంత్రణ మండలిని చక్కబెట్టుటకు నియమించిన సంఘములో గుహ సభ్యుడయ్యెను. కొలది నెలలలోనే ఆ పదవిని వదలుకొనెను. పల్వంకర్ బాలు 1955లోనే మరణించెను. తన కథ చరిత్రగ్రంథమున కెక్కునాటికి అతడు పోయి నలువది యేడేండ్లయ్యెను.