సౌదీ కాపురమా, స్వదేశ ప్రయాణమా? – దంపతులకు న్యాయ సలహా

దంపతులలో ఒకరు సౌదీ పౌరులై, మరియొకరు తెలుగునాటినుండి వెళ్ళిన భారతీయులై యున్నపుడు, అచ్చటి అనుమతులకై వేచి వేచి, అకామా, అనగా నివాసానుమతి, గడువులను లెక్కించుకొని, కార్యాలయముల చుట్టు తిరిగి తిరిగి విసిగిన పిమ్మట, "ఇక్కడ ఇన్ని తంటాలు పడుటకంటె హైదరాబాదుకో, కడపకో, కరీంనగరుకో పోయి కాపురము పెట్టుకొనరాదా?" అను ఆలోచన ఏదో యొక దినమున ఆ యింట పుట్టక మానదు. ఆ ఆలోచన సహజమైనది, న్యాయసమ్మతమైనది కూడ. కాని దేశము మారినపుడు ఇల్లు మాత్రమే కాక, వివాహమునకు, నివాసమునకు, బిడ్డల పౌరసత్వమునకు, కలహము వచ్చినచో న్యాయస్థానమునకు సంబంధించిన శాసనములన్నియు ఒక్కమారుగా మారిపోవును. వీనిలో కొన్ని మార్పులను తరువాత దిద్దుకొనవచ్చును. కొన్నింటిని ఎన్నటికిని దిద్దుకొనజాలము. ఏవి యెట్టివో తెలిసికొనిన పిమ్మటనే టిక్కెట్లు కొనుట వివేకము.

వివాహము రెండు దేశములలోను చెల్లునా?

సౌదీ పౌరుడు గాని, పౌరురాలు గాని విదేశీయులను వివాహమాడ దలచినచో, అచ్చటి హోంమంత్రిత్వ శాఖనుండి ముందుగా అనుమతి పొందవలెను. ఇది నామమాత్రపు లాంఛనము కాదు. అనుమతి లేకుండ హైదరాబాదులో ఖాజీగారి సమక్షమున జరిగిన నికాహ్ మతధర్మము ననుసరించి సక్రమమే కావచ్చును, భారతదేశమున దానిని ప్రశ్నించువారు ఉండకపోవచ్చును. కాని సౌదీ ప్రభుత్వ పత్రములలో ఆ స్త్రీ ఆ పురుషునకు భార్యగా నమోదు కాదు, ఆ హోదాతో ఆమెకు నివాసానుమతి లభింపదు, పుట్టిన బిడ్డలను తండ్రి కుటుంబ పత్రమున చేర్పించుట కష్టసాధ్యమగును. నిజాము సైన్యమున కొలువు చేసిన, యెమెనులోని హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నివసించు హైదరాబాదు బార్కస్ వంటి పేటలలో, సముద్రమున కావలి గట్టుతో బంధుత్వములు తరతరములుగా సాగుచున్నవి గనుక, ఈ చిక్కు అచ్చటివారికి క్రొత్త గాదు. కాని ఇట్టి సంబంధముల పేరిట అన్యాయములును జరుగుట కలదు. 1991లో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో ఏడ్చుచున్న ఒక బాలికను విమాన పరిచారిక గమనించి, వృద్ధుడైన సౌదీ వరునినుండి ఆమెను రక్షించిన ఉదంతము దేశమంతటిని కలచివేసినది. అట్టి వ్యవహారమునకు వివాహమను పేరే తగదు, అది నేరము. పదునెనిమిది సంవత్సరములు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము క్రింద శిక్షార్హము. ఈ వ్యాసము యుక్తవయస్కులై, పరస్పర సమ్మతితో దాంపత్యము సాగించువారిని ఉద్దేశించినది మాత్రమే.

సౌదీ అరేబియాలో 2022వ సంవత్సరమున కుటుంబ సంబంధమైన విషయములకు మొట్టమొదటి లిఖిత శాసనము అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము స్త్రీ వివాహమును ఆమె వలీ, అనగా సాధారణముగా తండ్రి, జరిపింపవలెను. తగిన వరుడు లభించి, కన్య సమ్మతించియుండగా తండ్రి అకారణముగా అడ్డుపడినచో, ఆ అధికారమును న్యాయస్థానము మరియొకరికి అప్పగింపవచ్చును. ముస్లిం స్త్రీకిని అన్యమతస్థుడైన పురుషునకును జరిగిన వివాహమును ఆ దేశము అంగీకరింపదు. అట్టి జంట భారతదేశమున 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద, ఇద్దరిలో ఒకరు ముప్పది దినములు ఆ జిల్లాలో నివసించి, నోటీసు ఇచ్చి, మరి ముప్పది దినములు గడచిన పిమ్మట వివాహము చేసికొనవచ్చును గాని, వారు భార్యాభర్తలుగా సౌదీలో కాపురము చేయ జాలరు. రియాదులోని రాయబార కార్యాలయమునో, జిద్దాలోని కాన్సులేటునో ఆశ్రయించి 1969 నాటి విదేశీ వివాహ చట్టము క్రింద పెండ్లి చేసికొందమన్నచో, స్థానిక శాసనము నిషేధించిన వివాహమును నిరాకరించు అధికారము అచ్చటి వివాహాధికారికి కలదు.

వివాహము ఎచ్చట జరిగినను పత్రము ముఖ్యము. తెలుగు రాష్ట్రములలో 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టము అన్ని మతములవారికిని వర్తించును. నికాహ్‌నామా ఉన్నంత మాత్రమున నమోదు అక్కరలేదని భావింపరాదు. ఒక దేశపు పత్రము మరియొక దేశమున చెల్లుటకు పూర్వము రాయబార కార్యాలయముల ముద్రలు పెక్కు కావలసి వచ్చెడివి. ఒకే ధ్రువీకరణతో పని జరుగునట్లు చేయు అపోస్టిల్ ఒప్పందము భారతదేశమునకు 2005 నుండియు, సౌదీ అరేబియాకు 2022 డిసెంబరునుండియు వర్తించుచున్నది గనుక ఇప్పుడా శ్రమ చాలవరకు తగ్గినది.

భారతదేశమున సౌదీ జీవితభాగస్వామి స్థితి

2019లో సౌదీ ప్రభుత్వము చేసిన సవరణలవలన ఇరువదియొక్క సంవత్సరములు నిండిన స్త్రీ, సంరక్షకుని అనుమతి లేకయే పాస్‌పోర్టు పొందుటకును, విదేశమునకు పోవుటకును హక్కు కలిగియున్నది. కనుక భర్తతో హైదరాబాదు వచ్చుటకు ఆమెకు తండ్రి సంతకము అక్కరలేదు. వచ్చిన పిమ్మట ఏ హోదాతో నిలుచుననునదియే విచారింపవలసినది. భారతీయుని భార్యకు గాని, భారతీయురాలి భర్తకు గాని ఎంట్రీ వీసా లభించును. అది నూట యెనుబది దినములకు మించినదైనచో, వచ్చిన పదునాలుగు దినములలోపల విదేశీయుల నమోదు కార్యాలయమున, అనగా ఎఫ్ఆర్ఆర్ఓ యందు, నమోదు చేయించుకొనవలెను. టూరిస్టు వీసాపై వచ్చి, తరువాత చూచుకొందమనుట ప్రమాదకరము. ఎంట్రీ వీసాపైన స్వేచ్ఛగా ఉద్యోగము చేయవచ్చునని భావించుటయు పొరపాటే.

నమోదైన వివాహము ఎడతెగక రెండు సంవత్సరములు సాగిన పిమ్మట, 1955 నాటి పౌరసత్వ చట్టములోని 7ఏ విభాగము క్రింద, భద్రతా విచారణకు లోబడి, ఓసీఐ, అనగా విదేశీ భారతీయ పౌర, కార్డునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానితో జీవితాంతము రాకపోకలకును, నివాసమునకును ఆటంకముండదు. ఓటు హక్కు, ప్రభుత్వోద్యోగము మాత్రము లభింపవు. వ్యవసాయ భూమి కొనుటకు వీలు లేదు. అయితే దంపతులు తప్పక ఎరుగవలసిన నియమము మరియొకటి గలదు. వివాహము ద్వారా వచ్చిన ఈ కార్డు, విడాకులు జరిగినను, వివాహము తెగకుండగనే ఆ వ్యక్తి మరియొక వివాహము చేసికొనినను రద్దు కావచ్చును. రెండవ వివాహము సౌదీ శాసనమునకు సమ్మతమే కావచ్చును గాక, ఈ కార్డు విషయమున ఆ సమ్మతి యేమియు రక్షింపజాలదు.

పౌరసత్వమునకు ఏడు సంవత్సరముల నివాసము కావలెను. భారతదేశము ద్వంద్వ పౌరసత్వమును అంగీకరింపదు. ముందుగా అనుమతి పొందకుండ అన్య పౌరసత్వమును స్వీకరించుటను సౌదీ శాసనము నిషేధించుచున్నది. కావున ఆ మెట్టు ఎక్కదలచినవారు వెనుకటి మెట్టు మిగులదని తెలిసియే ఎక్కవలెను. ఒక ఆర్థిక సంవత్సరమున నూట యెనుబది రెండు దినములు భారతదేశమున నివసించినవారిపై ఇచ్చటి ఆదాయపు పన్ను భారము పడవచ్చునని కూడ ముందుగా ఎరుగుట మేలు.

బిడ్డల పౌరసత్వము

దంపతులు అన్నిటికంటె దీర్ఘముగా ఆలోచింపవలసినది ఇచ్చటనే. 1954 నాటి సౌదీ జాతీయతా శాసనము ప్రకారము సౌదీ తండ్రికి పుట్టిన బిడ్డ, జిద్దాలో పుట్టినను హైదరాబాదులో పుట్టినను, సౌదీ పౌరుడే. సౌదీ తల్లికిని విదేశీయుడైన తండ్రికిని పుట్టిన బిడ్డ మాత్రము పుట్టుకతో విదేశీయుడు. 2012లో జరిగిన నిర్ణయముల వలన అట్టి బిడ్డలకు తల్లి బాధ్యతపై నివాసానుమతియు, విద్యావైద్యములలో సౌదీ బిడ్డలతో సమానమైన సౌకర్యములును లభించుచున్నవి. కాని పౌరసత్వమునకు వారు యుక్తవయస్సు వచ్చిన యేడాదిలోపల దరఖాస్తు చేయవలెను. ఆ బిడ్డ రాజ్యములో పుట్టియుండవలెను, ఆ వయస్సు వచ్చునాటికి అచ్చటనే స్థిరనివాసియై యుండవలెను, సత్ప్రవర్తన కలిగి, అరబ్బీ చక్కగా నేర్చియుండవలెను. ఇన్ని యున్నను అది ప్రభుత్వ వివేచనమునకు లోబడినదే. 2023 నుండి ఆ నిర్ణయము సౌదీ ప్రధానమంత్రి అధికారములోనిది. ఇప్పుడు ఆలోచింపుడు: పదేండ్ల బిడ్డతో సకుటుంబముగా కరీంనగరు వచ్చి స్థిరపడిన దంపతులు, తమకు తెలియకయే ఆ బిడ్డకు ఆ ద్వారమును మూసివేసినవారగుదురు. కొన్నాళ్ళకు మనసు మారి తల్లి మరల జిద్దాకు పోదమన్నను, యుక్తవయస్సు దాటిన పిమ్మట ఆ గడువు తిరిగి రాదు.

భారతీయ శాసనము ఇందుకు భిన్నముగ నున్నది. భారతదేశమున పుట్టిన బిడ్డ, తలిదండ్రులలో ఒకరు పౌరులై, మరియొకరు అక్రమ వలసదారులు కానిచో, భారతీయుడే. విదేశమున పుట్టిన బిడ్డ తలిదండ్రులలో ఒకరు భారతీయులైనచో వంశానుగతముగా భారతీయుడు కాగలడు గాని, ఏడాదిలోపల కాన్సులేటులో జన్మము నమోదు చేయింపవలెను. ఆ గడువు దాటినచో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెను. నమోదు సమయమున ఆ బిడ్డకు అన్యదేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటింపవలసియుండును. భారతీయ తండ్రికిని సౌదీ తల్లికిని జిద్దాలో పుట్టిన బిడ్డను ఈ రీతిగ నమోదు చేయింపకున్నచో, ఆ శిశువు ఏ దేశమునకును చెందని దుస్థితిలో పడగలడు. సౌదీ తండ్రికి పుట్టి, అచ్చటి పాస్‌పోర్టు పొందిన బిడ్డకు ఈ మార్గము లేదు. అట్టి బిడ్డ భారతదేశమున విదేశీయుడుగానే ఉండును, ఓసీఐ ద్వారా గాని, వీసా ద్వారా గాని నిలువవలెను.

కలహము వచ్చినచో

దాంపత్యము సాఫీగ సాగుచున్న కాలమున ఈ మాట యెత్తుట అమంగళమని తోచును గాని, వలస పోవు ముందే దీనిని విచారించుట శ్రేయస్కరము. సౌదీ శాసనము ప్రకారము విడాకుల తరువాత బిడ్డల పాలనలో తల్లికే ప్రథమ స్థానము. పదునైదేండ్లు నిండిన బిడ్డ ఎవరివద్ద నుండవలయునో తానే కోరుకొనవచ్చును. అయినను పాలన వహించిన తల్లి గాని, తండ్రి గాని రెండవవారి సమ్మతి లేక బిడ్డను సంవత్సరమున తొంబది దినములకు మించి దేశము వెలుపల ఉంచరాదు. కనుక సౌదీలో కలహించి, బిడ్డతో స్వదేశమునకు వచ్చి స్థిరపడుదమను ఆలోచన న్యాయస్థానపు టాజ్ఞ లేక చేయదగినది కాదు.

బిడ్డను ఒకరు దేశము దాటించినపుడు వెనుకకు రప్పించుటకై ఏర్పడిన 1980 నాటి హేగ్ ఒప్పందములో భారతదేశముగాని, సౌదీ అరేబియాగాని చేరలేదు. కావున ఒక దేశపు తీర్పు మరియొక దేశమున తనంతట అమలు కాదు. భారతీయ న్యాయస్థానములు బిడ్డ క్షేమమునే ప్రధానముగా విచారించును. విడాకుల విషయమునను ఇట్లే. తిరుపతిలో వివాహమాడిన తెలుగు దంపతుల వ్యాజ్యమున 1991లో సుప్రీంకోర్టు, అమెరికాలో భర్త పొందిన విడాకుల తీర్పును, వారి వివాహమునకు వర్తించు శాసనమునకు అనుగుణము కానందున, త్రోసిపుచ్చినది. మనోవర్తి తీర్పులకు సివిల్ ప్రక్రియాస్మృతిలోని 44ఏ విభాగము క్రింద అరబ్ ఎమిరేట్సు గుర్తింపు పొందినను సౌదీ అరేబియా పొందలేదు. భర్త సౌదీలో నున్నను, తెలుగునాట నివసించు భార్య 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ విభాగము క్రింద తాను నివసించు చోటనే మనోవర్తికై దరఖాస్తు పెట్టవచ్చును. ఒక్కమారుగా మూడు మార్లు తలాక్ చెప్పుట భారతదేశమున 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి చెల్లదు, 2019 నాటి చట్టము ప్రకారము నేరము కూడ.

ప్రయాణమునకు ముందు

మొదట, సౌదీ అనుమతి పత్రమును, వివాహ ధ్రువపత్రమును, బిడ్డల జనన పత్రములను అపోస్టిల్ చేయించి, అరబ్బీ పత్రములకు అధికార అనువాదములు సిద్ధపరచుకొనవలెను. రెండవది, భారతీయ పౌరులు కాదగిన బిడ్డల జన్మమును ఏడాదిలోపల కాన్సులేటులో నమోదు చేయింపవలెను. మూడవది, ఒక్కమారుగా ఖురూజ్ నిహాయి, అనగా తుది నిష్క్రమణ వీసా, తీసికొనక, వీలైనచో తిరిగి వచ్చు వీసాతో కొంతకాలము తెలుగునాట ఉండి చూడవలెను. ఆ వీసా గడువు దాటినచో అకామా నిలువదని మరువరాదు. నాలుగవది, సౌదీ తల్లి యున్నచోట బిడ్డల వయస్సును లెక్కించి, యుక్తవయస్సునాటికి ఎచ్చట నుండవలెనో ఇప్పుడే నిర్ణయించుకొనవలెను. అయిదవది, మహర్ (వరుడు వధువునకు ఇచ్చు ధనము), ఆస్తులు, బిడ్డల పాలన, ప్రయాణ సమ్మతి వీనిని గూర్చి లిఖితపూర్వకమైన ఒడంబడిక చేసికొనుట ఉభయులకును రక్షణ.

సౌదీలో నున్న భారతీయులు రియాదు రాయబార కార్యాలయమును, జిద్దా కాన్సులేటును, భారత విదేశాంగ శాఖవారి మదద్ పోర్టలును ఆశ్రయింపవచ్చును. స్వదేశమున 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలందరును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. 15100 అను నంబరునకు ఫోను చేసినచో దారి చూపుదురు. ఎవరి ఉదంతమైనను దాని ప్రత్యేకతలు దానికే యుండును గనుక, తుది నిర్ణయమునకు ముందు ఉభయ దేశముల న్యాయవాదులను ఒక్కొక్కమారైనను సంప్రదింపుడు. కాపురము ఎచ్చట పెట్టవలెననునది దంపతుల ఇష్టము. కాని బిడ్డల హక్కులకు గడువులున్నవి, వానిని మీ తరఫున ఎవరును గుర్తుంచుకొనరు. ముందు పత్రములు సమకూర్చుకొనుడు, పిమ్మట ప్రయాణమునకు ముహూర్తము పెట్టుకొనుడు.