మెయిజీ యుగమున 1872: ఒక యోడ తెచ్చిన వ్యాజ్యము

జపానుదేశమున మెయిజీ చక్రవర్తి యేలుబడిలో నైదవ సంవత్సరమగు 1872 మిక్కిలి సందడిగల యేఁడు. టోకియోనుండి యొకోహామాకు మొదటి రైలుమార్గము తెఱవఁబడెను. బాలబాలికల కందఱకును చదువు నుద్దేశించిన విద్యాశాసనము వెలువడెను. పంచాంగము సైతము మాఱెను. చాంద్రమానమున పండ్రెండవ నెల మూఁడవ దినము కావలసినది 1873 జనవరి 1 అయ్యెను. రాఁబోవు యేఁట అధికమాసము పడవలసి యుండుటచే పదుమూఁడు నెలల జీతము లీయవలసిన బొక్కసమున కిది మేలు చేసెనని విన్నచో మన సిద్ధాంతులు నవ్వుకొందురు గాఁబోలు. ఇవి చదువరు లెఱిఁగినవే. న్యాయవాదివృత్తిలో నున్న మాకు వీనికంటె ఆ యేఁటి వ్యాజ్య మొకటి ముఖ్యముగాఁ దోఁచుచున్నది.

ఆ జూలైలో 'మరియా లూజ్' అను పెరూదేశపు టోడ మకావునుండి దాదాపు 230 మంది చీనా కూలీలతో బయలుదేఱి, తుఫానులో దెబ్బతిని, మరమ్మతునకై యొకోహామా చేరెను. కూలీలలో నొకఁడు సముద్రమున దుమికి, యీఁది, యాంగ్లేయుల యుద్ధనౌకను శరణుజొచ్చెను. కూలియోడ యన నేమో కోనసీమవారికి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. గౌతమి కావలియొడ్డున నున్న కోరంగి రేవునుండి యెందఱో తెలుఁగువారు సముద్రము దాఁటిరి. బర్మాలో తెలుఁగువానికి 'కోరంగి' యనునదియే పేరయ్యెను. మేస్త్రి ముందుగా నిచ్చిన సొమ్ము తీఱువఱకు వాని రెక్కలు మేస్త్రివే.

విదేశవ్యవహారమంత్రి సొయెజిమ తనెయోమి విచారణకుఁ బట్టుపట్టెను. కనగావ మండలాధికారి ఓయె తకు విచారించి కూలీలను విడిపించెను. ఓడ కెప్టెను ఊరకుండక, కూలీలు వ్రాసియిచ్చిన ఒడంబడికను నెఱవేర్పింపవలెనని వ్యాజ్యము వేసెను. అతని పక్షమున డికిన్స్ అను ఆంగ్లేయ న్యాయవాది చేసిన వాద మిది: జపానులోనే తండ్రులు సొమ్ము తీసికొని కూఁతుండ్రను వేశ్యాగృహములకు వ్రాసియిచ్చుచున్నారు, ఆ పత్రములు చెల్లుచుండఁగా మా పత్ర మేల చెల్లదు? ఇది కక్షిదారు కొఱకుఁ జేసిన వాదమే యైనను తగులవలసినచోటనే తగిలెను. కూలీలు స్వదేశమునకుఁ బోయిరి. 1872 నవంబరు 2న ప్రభుత్వము వేశ్యాగృహములలోని స్త్రీలను విడుదల చేయుచు నుత్తరువు వెలువరించెను.

వెంటనే న్యాయశాఖ మఱియొక యుత్తరువున నిట్లు వివరించెను: ఈ స్త్రీలు మనుష్యుల హక్కులు కోల్పోయి యెద్దులతోను గుఱ్ఱములతోను సమానులైరి, పశువును బాకీ తీర్పుమని యెవఁడు నడుగఁడు, కావున వారి బాకీలు రాఁబట్టరాదు. తర్కము మొఱటు, స్త్రీల కవమానకరము. అయినను అప్పు తెగనిదే మనిషి విడివడఁడను సంగతి యా వ్రాఁతగానికిఁ దెలియును.

ఆ తెలివి యెంతోకాలము నిలువలేదు. 1873లోనే టోకియోలో 'అద్దెగదుల' పేరిట లైసెన్సు లీయఁబడెను. ఆఁడుది తన యిష్టముననే గది తీసికొన్నదఁట. తండ్రి పుచ్చుకొన్న ముందుసొమ్ము మాత్రము వట్టి యప్పఁట! 1900లో అత్యున్నత న్యాయస్థానము దేహమును గట్టివేయు నొడంబడిక చెల్లదనెను గాని, న్యాయస్థానములు అప్పును వేఱుగాఁ జూచి దానిని నిలిపెను. పత్ర మొక్కటి, రెండు ముక్కలు: ఒకటి చచ్చినది, రెండవది బ్రదికి మొదటిదానిపని చేసినది. అప్పును చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది 1955లో. వేశ్యావృత్తినిరోధక శాసనము 1956లో వచ్చెను.

మనదేశమున వీరేశలింగము పంతులుగారును, రఘుపతి వేంకటరత్నమునాయఁడుగారును భోగముమేళములను నిరసించిరి. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీల సమర్పణమును నిషేధించెను. అప్పునకు మనిషిని బందీచేయు నాచారముపైఁ గేంద్రశాసనము 1976లో వచ్చెను. అది వెట్టివానిని విడిపించుటతోఁ దృప్తిపడక, వాని యప్పుఁగూడ రద్దుచేసెను. జపాను పశువుల యుపమానముతోఁ జెప్పిన మాటను మనము మనుష్యభాషలోఁ జెప్పుటకు నూటనాలుగేండ్లు పట్టెను. ఆ శాసనమున మఱియొక నిబంధన కలదు: రద్దయిన యప్పు క్రింద సొమ్ము పుచ్చుకొన్న ఋణదాతకు మూఁడేండ్లవఱకు ఖైదును జుల్మానాయు విధింపవచ్చును. దీని నమలు జరుపు బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుది. ఆయనకుఁ దోడుగా జిల్లాలోను, ప్రతి సబుడివిజనులోను విజిలెన్సు సంఘము లుండవలెను.